నో కాస్ట్ ఈఎంఐ: ఈ ‘ఫ్రీ లంచ్’ బిల్లు ఎవరు కడుతున్నారు?

పండుగల అమ్మకాలు మొదలయ్యాయంటే ఆన్‌లైన్ అంగళ్లలోనూ, ఎలక్ట్రానిక్స్ షోరూముల అద్దాల మీదా ముందుగా కళ్లబడే మాట ‘నో కాస్ట్ ఈఎంఐ’. వస్తువు ధర ఎంతో అంతే తీసుకుంటాం, దాన్ని ఆరు నెలలకో తొమ్మిది నెలలకో సమానంగా పంచి వసూలు చేసుకుంటాం, వడ్డీ పేరుతో ఒక్క రూపాయి కూడా అడగం అన్నది ఆ మాటలోని హామీ. ఈ మధ్య ఇంటికి ఫ్రిజ్ అవసరమై, ఒక ఆన్‌లైన్ సంస్థలో, ఒక ప్రైవేటు బ్యాంకు క్రెడిట్ కార్డు మీద, ఆరు వాయిదాల నో కాస్ట్ ఈఎంఐ పద్ధతిలో కొన్నాను. వాయిదాలన్నీ తీరిపోయాయి కనుక, కార్డు స్టేట్‌మెంట్లను దగ్గర పెట్టుకుని ఆ సేవను ఇక్కడ సమీక్షిస్తున్నాను. ఫ్రిజ్ బాగానే పనిచేస్తోంది. దాని గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది ఏమీ లేదు.

ఈ సమీక్షకు కొలబద్దగా ఇంగ్లీషులో డబ్బు వ్యవహారాలు మాట్లాడేవారు తరచుగా వాడే ఒక నానుడిని తీసుకుంటున్నాను: ‘దేర్ ఈజ్ నో సచ్ థింగ్ యాజ్ ఎ ఫ్రీ లంచ్’. ఊరికే దొరికే భోజనమంటూ ఏదీ ఉండదని దాని భావం. మన దగ్గర కూడా ఇది వార్తాపత్రికల వ్యాపార పేజీల్లోనూ, షేర్ మార్కెట్ చర్చల్లోనూ బాగా నలిగిన మాటే. అయితే మనవాళ్లు దీన్ని చాలా సందర్భాల్లో ‘ఉచితమన్నారంటే అందులో ఏదో మోసం ఉంటుంది’ అనే హెచ్చరికగా వాడుతుంటారు. నానుడి పుట్టిన తావు చూస్తే దాని పదును ఆ హెచ్చరికలో లేదని తెలుస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా నగరాల్లోని మద్యం దుకాణాలు మధ్యాహ్నం పూట బల్ల మీద భోజనం పరిచి ఉంచేవి. ఒక గ్లాసు కొనుక్కున్నవాడు ఆ బల్ల మీద ఉన్నది కడుపునిండా తినవచ్చు, దానికి వేరే డబ్బు లేదు. అక్కడ పెట్టిన పదార్థాల్లో ఉప్పు పట్టించిన మాంసం, జున్ను, ఉప్పు బిస్కెట్ల వంటివి ఎక్కువగా ఉండేవి కనుక, తిన్నవాడికి దాహం వేసి ఇంకో గ్లాసు అడిగేవాడు. 1889లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ ఏర్పాటును చూసిన ఇంగ్లీషు రచయిత రడ్యార్డ్ కిప్లింగ్, రోజుకు రూపాయి కన్నా తక్కువ ఖర్చుతో ఆ ఊళ్లో మనిషి దర్జాగా కడుపు నింపుకోవచ్చని రాశాడు. అంతకుముందు దాదాపు ఆరున్నరేళ్లు మన దేశంలో పత్రికల్లో పనిచేసిన మనిషి కావడం వల్ల లెక్క రూపాయల్లోకి వచ్చింది. అందులో మోసం ఉందని ఆయనకు గాని, బల్ల చుట్టూ మూగినవాళ్లకు గాని అనిపించినట్టు లేదు. ఆకలితో వచ్చి ఒక్క గ్లాసుతో సరిపెట్టుకుని తిని వెళ్లేవాడికి అది నిజంగానే లాభసాటి బేరం. అతని భోజనం ఖర్చు పక్కన నాలుగో గ్లాసు తాగుతున్నవాడి జేబులోంచి వచ్చేది.

ఆర్థికవేత్తలు ఈ మాటను పట్టుకున్నది ఇక్కడే. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1975లో తన వ్యాసాల సంపుటికి ఇదే పేరు పెట్టడంతో దీనికి మరింత ప్రచారం వచ్చింది. ఆ అర్థంలో వాడినప్పుడు ఈ నానుడి ఎవరినీ నిందించదు. భోజనం ఖర్చు ఎవరో ఒకరి లెక్కలో పడే తీరుతుంది కాబట్టి ఆ లెక్క ఎవరిదో చూడమంటుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఇస్తున్న జీరో టికెట్టును తీసుకోండి. కండక్టర్ ఆ టికెట్టు కొట్టి ఇవ్వడానికి కారణమే ఆ ప్రయాణం ఖర్చును లెక్కగట్టి ప్రభుత్వం దగ్గర రాబట్టుకోవలసి ఉండటం. ఎక్కినవారికి ఉచితం, కట్టేది ఖజానా, ఆ విషయం అందరికీ తెలుసు. పథకం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నానుడి అడిగే ప్రశ్నకు మాత్రం అక్కడ జవాబు బహిరంగంగా ఉంది. నో కాస్ట్ ఈఎంఐలో ఆ జవాబు అంత తేలికగా దొరకదు, నా అసలు ఫిర్యాదు కూడా అదే.

ఇప్పుడు ఫ్రిజ్ లెక్కకు వస్తాను. వెబ్‌సైటులో దాని ధర 36,000 రూపాయలు. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ ఎంచుకుంటే నెలకు సరిగ్గా 6,000 కట్టాలని పెద్ద అక్షరాల్లో చూపింది. ఆ అంకె కింద ‘వివరాలు’ అన్న చిన్న మాటను నొక్కితే అసలు సంగతి బయటపడింది. బ్యాంకు ఈ అప్పు మీద సంవత్సరానికి 15 శాతం, అంటే మన లెక్కలో రూపాయి పావలా వడ్డీ, మామూలుగానే వేస్తుంది. ఆ వడ్డీ ఆరు నెలలకు 1,524 రూపాయలవుతుంది కనుక అంత మొత్తాన్ని ధరలోంచి ముందే డిస్కౌంటుగా తీసేసి, 34,476 రూపాయలకే బిల్లు చేస్తారు. ఆ 34,476కు ఆరు నెలల వడ్డీ కలిపితే మళ్లీ 36,000 అవుతుంది. అంటే వడ్డీ లేకపోవడమన్నది ఎక్కడా లేదు, వడ్డీకి సరిపడా ధర తగ్గింది, అంతే. ఇంతవరకూ ఏర్పాటు తెలివైనదే, అభ్యంతరం పెట్టవలసిందీ లేదు.

మొదటి నెల స్టేట్‌మెంటులో మాత్రం 6,000కు బదులు 6,312 రూపాయల 39 పైసలు వచ్చింది. అందులో అసలు కింద 5,569.05, వడ్డీ కింద 430.95 వేసి, రెండూ కలిసి హామీ ఇచ్చిన 6,000 చూపారు. ఆ తర్వాతి వరుసలో ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 77.57, దాని కింద ప్రాసెసింగ్ ఫీజు 199, ఆ ఫీజు మీద జీఎస్టీ 35.82 ఉన్నాయి. డిస్కౌంటు రూపంలో వడ్డీని తిరిగి ఇచ్చేశారు గాని, వడ్డీ మీద పన్నును ఎవరూ తిరిగి ఇవ్వరు. వడ్డీ నెలనెలా తగ్గుతుంది కనుక పన్ను కూడా తగ్గుతూ చివరి నెలకు 13 రూపాయల చిల్లరకు దిగింది. ఆరు నెలల్లో పన్ను 274 రూపాయలు, ఫీజు దాని పన్నుతో కలిపి 235 రూపాయలు, మొత్తం 509 రూపాయలు. ‘నో కాస్ట్’ అన్నదాని కాస్ట్ నా విషయంలో ఇది.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. మామూలుగా అప్పు మీద వడ్డీకి మన దేశంలో జీఎస్టీ లేదు. ఇంటి రుణం వడ్డీ మీద గాని, బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు వడ్డీ మీద గాని ఎవరూ జీఎస్టీ కట్టరు. ఆ మినహాయింపు ఇచ్చిన నోటిఫికేషన్‌లోనే క్రెడిట్ కార్డు సేవల వడ్డీని మాత్రం మినహాయింపు నుంచి తప్పించారు. అందుచేత ఇదే ఫ్రిజ్‌ను ఫైనాన్స్ కంపెనీ రుణం మీద తీసుకుని ఉంటే వడ్డీ మీద ఈ 274 రూపాయల పన్ను ఉండేది కాదు. ఫీజు మీద పన్ను మాత్రం అక్కడా తప్పదు. ఎంపికల జాబితాలో క్రెడిట్ కార్డునూ మిగతావాటినీ పక్కపక్కనే పెట్టి, అన్నింటికీ ‘నో కాస్ట్’ అని ఒకే ముద్ర వేయడం వల్ల ఈ తేడా కొనేవాడి దృష్టికి రాదు.

ఐదు వందల రూపాయలే కదా అనవచ్చు. 36,000 రూపాయల వస్తువు మీద అది ఒకటిన్నర శాతం కూడా లేదు, నేనూ దాని గురించి గొడవ పెట్టుకోను. అసలు ఖర్చు స్టేట్‌మెంటులో కనబడనిది. నేను కొన్న రోజున అదే పేజీలో, అదే కార్డుతో ఒకేసారి పూర్తి ధర కట్టేవారికి 1,500 రూపాయల ఇన్‌స్టంట్ డిస్కౌంటు ఉంది, నో కాస్ట్ ఈఎంఐ ఎంచుకున్న మరుక్షణం అది మాయమైంది. అంటే ఒకేసారి కట్టేవాడికి ఆ ఫ్రిజ్ ధర 34,500. ఆరు నెలల్లో నేను కట్టింది 36,509. తేడా 2,009 రూపాయలు. 34,500 రూపాయలను ఆరు నెలల్లో తీర్చే అప్పుగా తీసుకుని, పైన 2,009 కట్టినట్టు లెక్క వేస్తే వడ్డీ రేటు సంవత్సరానికి దాదాపు 20 శాతం తేలుతుంది. రూపాయి పావలాతో మొదలైన వడ్డీ రూపాయి అరవై అయిదు పైసలకు చేరిందన్నమాట. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర చేబదులు అడిగితే రూపాయిన్నర వడ్డీ అంటేనే మనం ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాం.

పోల్చి చూద్దామని అదే మోడల్‌ను దగ్గరలోని ఒక షోరూములో కూడా అడిగాను. అక్కడ నో కాస్ట్ ఈఎంఐ బోర్డు కిందే ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు బల్ల వేసుకుని కూర్చుని ఉన్నాడు. ధర అడిగితే సేల్స్‌మన్ ముందు ఎదురు ప్రశ్న వేశాడు: “క్యాషా సార్, ఈఎంఐనా?” ఎందుకంటే, “క్యాష్ అయితే మేనేజర్‌తో మాట్లాడి ఓ పన్నెండు వందలు తీయిస్తాను సార్, ఈఎంఐ అయితే ఈ రేటే” అన్నాడు. ఆ సేల్స్‌మన్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆన్‌లైన్‌లో ‘వివరాలు’ కింద దాచిన సంగతిని అతను నోటితో చెప్పేశాడు. ఫైనాన్స్ కంపెనీకి తాము ఇవ్వవలసిన వాటాను నగదు కొనుగోలుదారుకు తగ్గించగలుగుతున్నారంటే, వాయిదాల్లో కొనేవాడి దగ్గర ఆ వాటా ధరలోనే వసూలవుతోందని అర్థం.

అదే బల్ల దగ్గర ఇంకో రకం స్కీము కూడా ఉంది. పన్నెండు వాయిదాల్లో నాలుగింటిని ముందే అడ్వాన్సుగా కట్టమంటారు. నెలకు 3,000 చొప్పున 12,000 చేతిలో పెట్టాక అప్పుగా మిగిలేది 24,000, తీర్చే గడువు ఎనిమిది నెలలు. కాగితం మీద మాత్రం ‘పన్నెండు నెలల నో కాస్ట్’ అనే ఉంటుంది. దీన్ని డౌన్ పేమెంట్ అని పిలిస్తే సరిపోయేది.

ఈ వ్యవహారం మీద రిజర్వు బ్యాంకు మౌనంగా ఏమీ లేదు. సున్నా శాతం వడ్డీ అన్న భావనే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో మరుగుపరిచి వినియోగదారుడి మీద వేస్తున్నారని 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసిన సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. నానుడిని ఉటంకించలేదు గాని, భావం అదే. ఆ తర్వాత ‘జీరో పర్సెంట్’ అన్న బోర్డులు తగ్గి ‘నో కాస్ట్’ అన్న బోర్డులు పెరిగాయి; పేరు మారినంత వేగంగా పద్ధతి మారలేదు. 2022 ఏప్రిల్‌లో క్రెడిట్, డెబిట్ కార్డుల మీద జారీచేసిన మాస్టర్ డైరెక్షన్‌లో మరింత వివరంగా వెళ్లింది. కార్డు మీద కొన్నదాన్ని ఈఎంఐగా మార్చేముందే అసలు ఎంత, వడ్డీ ఎంత, నో కాస్ట్ చేయడానికి ఇచ్చిన డిస్కౌంటు ఎంత అన్నవి విడివిడిగా చూపాలి, స్టేట్‌మెంటులోనూ అలాగే చూపాలి, వడ్డీ ఉన్న ఈఎంఐని వడ్డీ లేనిదిగా మభ్యపెట్టి చూపకూడదు అని ఆదేశించింది. నా అనుభవంలో ఈ ఆదేశంలోని అక్షరాలు పాటించారనే చెప్పాలి, ఎందుకంటే మూడు అంకెలూ నొక్కితే కనిపించాయి, స్టేట్‌మెంటులోనూ వరుసలు విడిగా ఉన్నాయి. జీఎస్టీ విషయం మాత్రం అంకెగా ఎక్కడా లేదు, ‘వర్తించే పన్నులు అదనం’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. 15 శాతం వడ్డీని పైసలతో సహా లెక్కగట్టగలిగిన పేజీకి, దాని మీద 18 శాతం లెక్కగట్టి చూపడం అసాధ్యమైన పనేమీ కాదు. ఈ ఒక్క కారణానికి పారదర్శకత విషయంలో ఈ సేవకు సగం మార్కులకన్నా ఎక్కువ వేయలేను.

మరి భోజనం ఖర్చు ఎవరిది? కొన్నిసార్లు నిజంగానే కంపెనీది. కొత్త మోడల్ రాబోతున్నప్పుడు పాత సరుకు కదలడానికో, ఫలానా ఫోన్ అమ్మకాలు పెంచడానికో తయారీ కంపెనీయే వడ్డీ భారాన్ని భరిస్తుంది; ప్రకటనలకు పెట్టే ఖర్చులాగే దీన్నీ రాసుకుంటుంది. అలాంటప్పుడు ఒకేసారి కట్టేవాడికీ వాయిదాల్లో కట్టేవాడికీ ధర ఒక్కటే ఉంటుంది, ఇతర డిస్కౌంటు ఏదీ ఎగిరిపోదు. ఆ బేరం తీసుకోదగినదే. మరికొన్నిసార్లు అమ్మకందారు తన లాభంలోంచి ఇస్తాడు. మిగిలిన సందర్భాల్లో, నాకు ఎదురైనట్టుగా, కొనేవాడే ఒక చేత్తో డిస్కౌంటు వదులుకుని, రెండో చేత్తో దాన్నే వడ్డీ మాఫీగా అందుకుంటాడు. ఇందులో ఏది జరుగుతోందో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో అయితే చెల్లింపు పేజీ వరకూ రెండుసార్లు, ఒకసారి పూర్తి ధరతో, ఒకసారి ఈఎంఐతో, వెళ్లి చివరి మొత్తాలను పక్కపక్కన పెట్టుకుంటే చాలు. షోరూములో అయితే సేల్స్‌మన్ అడగకముందే నగదు ధర అడగాలి.

కంపెనీయే భరిస్తున్న నిఖార్సయిన నో కాస్ట్ ఈఎంఐ దొరికినా, చేతిలో డబ్బుండీ ‘ఊరికే వస్తున్న అప్పు కదా’ అని తీసుకోవడంలో లాభం మిగులుతుందా అన్నది వేరే లెక్క. 36,000 బ్యాంకులో ఉంచి నెలకు 6,000 చొప్పున తీస్తే ఆరు నెలల సగటు నిల్వ 21,000 రూపాయలు. సేవింగ్స్ ఖాతాలో 3 శాతం వడ్డీ అనుకున్నా వచ్చేది 315 రూపాయలు. నేను కట్టిన పన్ను, ఫీజు కలిసి 509. ఫీజు మాఫీ చేసిన ఆఫర్ అయితే 274 పోయి 315 వస్తాయి, మిగిలే 41 రూపాయలకు ఆరు నెలల పాటు గడువు తేదీలు గుర్తుపెట్టుకోవాలి. పైగా ఈఎంఐ మీద చాలా కార్డులు రివార్డ్ పాయింట్లు ఇవ్వవు, వాయిదాలు తీరేకొద్దీ తప్ప కార్డు లిమిటు విడుదల కాదు.

చేతిలో అంత డబ్బు లేక, వస్తువు అత్యవసరమైనవారి సంగతి వేరు. ఎండాకాలంలో ఫ్రిజ్ పాడైన ఇంట్లో, పిల్లల చదువుకు లాప్‌టాప్ కావలసిన ఇంట్లో ఈ సేవ ఉపయోగపడుతుంది, వ్యక్తిగత రుణం కోసం తిరగడం కన్నా సులువు, చాలాసార్లు చవక. నేను చెప్పిన 20 శాతం కూడా కార్డు బిల్లు సగం కట్టి సగం వదిలేసినవారి మీద పడే నెలకు మూడున్నర రూపాయల వడ్డీ ముందు ఏపాటిది కాదు. అయితే ఈ రెండూ ఒకే స్టేట్‌మెంటులో ఉంటాయన్నది మరచిపోకూడదు. వాయిదా కలిసిన బిల్లును ఒక్క నెల పూర్తిగా కట్టకపోతే, మిగిలిన మొత్తం మీద ఆ పెద్ద వడ్డీ మొదలవుతుంది, ఆ నెల కొన్న పాలు, కూరగాయల మీద కూడా వడ్డీలేని గడువు పోతుంది. నో కాస్ట్ అన్న హామీ గడువు తేదీ వరకే పనిచేస్తుంది.

వెనక్కి తిరిగి రావలసి వస్తే దారి ఇంకా ఇరుకు. ఈఎంఐని ముందే తీర్చేస్తే మిగిలిన అసలు మీద ముందస్తు ముగింపు చార్జీ, దాని మీద జీఎస్టీ వేస్తారు. వస్తువును వాపసు చేస్తే అప్పటికి పడిన వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా తిరిగి రావు. నేను కొన్నప్పుడు ఈ షరతులను అంగీకరించినట్టు టిక్కు పెట్టే గడి ఉంది గాని, షరతుల పాఠం ఇంకో పేజీలో, బ్యాంకు వెబ్‌సైటులో ఉంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఫ్రిజ్ వాపసు చేస్తే ఎంత నష్టపోతానని అడిగితే, డిస్కౌంటు సంగతి అమ్మకందారును అడగమని బ్యాంకు, వడ్డీ సంగతి బ్యాంకును అడగమని అమ్మకందారు చెప్పారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు, ఎవరి వాటా గురించి వారికి బాగా తెలుసు, మొత్తం లెక్క మాత్రం ఇద్దరి దగ్గరా లేదు.

ఇంకోసారి కొనవలసి వస్తే ఈ సేవను పూర్తిగా పక్కన పెట్టను. ధర రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే అయి, ప్రాసెసింగ్ ఫీజు లేనప్పుడు, అది కూడా క్రెడిట్ కార్డు మీద కాకుండా వడ్డీకి జీఎస్టీ పడని రుణం రూపంలో దొరికితే తీసుకుంటాను. 1,500 రూపాయల డిస్కౌంటు ఎదురుగా కనిపిస్తుంటే మాత్రం, డబ్బు ఉంటే ఒకేసారి కట్టేస్తాను, లేకపోతే ఫ్రిజ్‌కు ఇంకో నెల ఆగుతాను.